ఒంటరి నిజాయితీ, ఉమ్మడి కాపలా



ఉద్యోగకాలంలో, ఒక కార్యాలయంలో గడువు దాటి వచ్చిన టెండరు కవరు పెట్టెలోకి చేరడం కళ్ళారా చూశాను. పిల్లలవాణ్ణి, ఒంటరివాణ్ణి, నోరు మెదపలేదు. ఆ మౌనం నేటికీ బాధిస్తోంది.

అప్పుడు వ్యవస్థ లేకపోలేదు. సంతానం కమిటీ సిఫార్సుపై 1964లోనే కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది. అయితే తప్పు జరిగాక విచారించడం వేరు, జరగకుండా కాపలా కాయడం వేరు.

ఆ కాపలాకే 1990 దశకంలో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ ఇంటెగ్రిటీ పాక్ట్ అనే ఒప్పందాన్ని రూపొందించింది. మన దేశంలో 2006లో ఓ.ఎన్.జి.సి. మొదట చేపట్టింది. తరువాత మన విశాఖ ఉక్కు కర్మాగారమూ స్వీకరించింది. లంచం ఇవ్వబోమని కాంట్రాక్టరు, పుచ్చుకోబోమని సంస్థ, ఇరువురూ సంతకం చేస్తారు. మాట తప్పితే కాంట్రాక్టు రద్దు కావచ్చు. అన్యాయం జరిగిందనుకున్న కాంట్రాక్టరు బయటి పర్యవేక్షకులకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ పర్యవేక్షకుల్లో రిటైరైన అధికారులే ఎక్కువ.

ఆనాడు నష్టపోయిన కాంట్రాక్టరుకు అటువంటి తలుపు లేదు, నాకు తోడూ లేదు. సంతకం ఒక్కటే మనిషిని మార్చదు. చూసే కళ్ళు పదిమందివి కావాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఉక్కు, పోర్టు వంటి కేంద్ర సంస్థలను 10 రూపాయల రుసుముతో మనమూ వివరాలు అడగవచ్చు. ఇప్పుడు మనకు పై అధికారి భయం లేదు గదా!