కారు డ్రైవింగ్ టిప్స్: క్లచ్ మీద కాలు తీయట్లేదా? ఘాట్‌లో న్యూట్రల్ వేస్తున్నారా? అయితే ఇది మీకోసమే

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఎక్కడి నుంచో కాలిన వాసన వస్తుంది. వైరు ఏదైనా కాలుతోందేమో అని బండి పక్కకు ఆపి, బానెట్ ఎత్తి చూస్తారు. ఏమీ కనిపించదు. చాలాసార్లు ఆ వాసన క్లచ్ ప్లేట్‌ది. కారు పాతదేం కాకపోవచ్చు, కొని రెండేళ్లే అయి ఉండొచ్చు. అయినా క్లచ్ పోతుంది. అదే మోడల్ కారు, అదే ఊళ్లో ఇంకొకరి దగ్గర లక్ష కిలోమీటర్లు దాటినా క్లచ్ మార్చకుండా తిరుగుతూ ఉంటుంది. తేడా ఎక్కడుందంటే ఎడమ కాలి అలవాటులో ఉంది.

క్లచ్ లోపల అసలేం జరుగుతుంది?

ఇది ఒక్కసారి అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేట్, దాన్ని వెనక నుంచి గట్టిగా నొక్కి పట్టుకునే ప్రెషర్ ప్లేట్ ఉంటాయి. పెడల్ మీద కాలు లేనప్పుడు ఈ మూడూ ఒకటిగా అతుక్కుని తిరుగుతాయి. ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్‌కి, అక్కడి నుంచి చక్రాలకి వెళ్తుంది. పెడల్ పూర్తిగా తొక్కితే పట్టు వదిలేస్తుంది. ఇంజిన్ దారి ఇంజిన్‌ది, చక్రాల దారి చక్రాలది.

ఈ రెండింటిలో ఎలా ఉన్నా ప్లేట్ పెద్దగా అరగదు. అరిగేదంతా మధ్యలోనే. పెడల్ సగం తొక్కి ఉంచితే ఫ్లైవీల్ ఒక స్పీడ్‌లో, ప్లేట్ ఇంకో స్పీడ్‌లో తిరుగుతూ ఒకదానికొకటి రాసుకుంటాయి. వేడి పుడుతుంది, ప్లేట్ మీది పూత అరుగుతుంది. దీన్నే మనం హాఫ్ క్లచ్ అంటాం. బండి కదిలేటప్పుడు ఒకటి రెండు సెకన్లు ఇది తప్పదు. సమస్యల్లా దాన్ని నిమిషాల తరబడి వాడటంతోనే.

పెడల్ ఫుట్‌రెస్ట్ కాదు

నేనేం తొక్కట్లేదు, ఊరికే కాలు పెట్టానంతే అంటారు చాలామంది. కాలు బరువు కూడా బరువే. అది పెడల్‌ను కొద్దిగా కిందికి దించుతుంది, లోపల రిలీజ్ బేరింగ్ మీద ఎప్పుడూ ఒత్తిడి పడుతూ ఉంటుంది, ప్లేట్ పట్టు కొంచెం సడలుతుంది. డ్రైవర్‌కి ఏమీ తెలియదు. అందుకే చాలా కార్లలో క్లచ్ పెడల్‌కి ఎడమ పక్కన కాలు పెట్టుకోవడానికి చోటు ఇస్తారు. గేర్ మార్చడం అవ్వగానే కాలు అక్కడికి వెళ్లిపోవాలి. మొదట్లో గుర్తుపెట్టుకుని చేయాలి, వారం పది రోజుల్లో అదే వచ్చేస్తుంది.

ఈ అలవాటు చాలామందికి డ్రైవింగ్ స్కూల్లోనే పడుతుంది. అక్కడి కార్లలో నేర్పే వ్యక్తి వైపు కూడా పెడల్స్ ఉంటాయి. బండి ఆగిపోకుండా ఆయనే కింద క్లచ్ తొక్కేస్తుంటారు. నేర్చుకునే వాళ్లకి బండి ఎక్కడ కదులుతుందో కాలికి తెలిసే అవకాశమే రాదు. తర్వాత సొంత కారు తీసుకున్నాక ఆగిపోతుందేమో అన్న భయంతో కాలు పెడల్ మీదే ఉండిపోతుంది. ఈ భయం పోవాలంటే చిన్న ప్రాక్టీస్ ఉంది. ఖాళీగా ఉన్న చదును గ్రౌండ్‌లో ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ అస్సలు ముట్టుకోకుండా, క్లచ్ మెల్లగా వదులుతూ బండి కదిలించండి. ఎక్కడ కదులుతుందో ఆ పాయింట్ కాలికి తెలుస్తుంది. పది పదిహేను సార్లు చేస్తే చాలు, ట్రాఫిక్‌లో సగం టెన్షన్ తగ్గుతుంది.

సిగ్నల్ దగ్గర, ఫ్లైఓవర్ మీద

అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్‌లోనో రెడ్ సిగ్నల్ పడింది. ఇంకా 60 సెకన్లు చూపిస్తోంది. ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చుంటే ఆ నిమిషమంతా రిలీజ్ బేరింగ్ మీద ఒత్తిడే. న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలేసి, బ్రేక్ మీద కాలు ఉంచడమో హ్యాండ్‌బ్రేక్ లాగడమో చేయండి. గ్రీన్ పడటానికి నాలుగైదు సెకన్ల ముందు గేర్ వేసుకుంటే సరిపోతుంది. వెనకాల వాళ్లు హారన్ కొడతారనుకుంటే కొట్టనివ్వండి, అది ఎలాగూ ఆగదు.

ముందు బండి రెండడుగులు కదిలిన ప్రతిసారీ మనమూ కదలక్కర్లేదు. కాస్త గ్యాప్ రానిచ్చి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలి మెల్లగా వెళ్తే హాఫ్ క్లచ్ వాడే అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే అసలు పరీక్ష మొదలవుతుంది. వెనక్కి జారకుండా కొంతమంది క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్ ఇస్తూ బండిని అక్కడే నిలబెడతారు. అద్భుతమైన కంట్రోల్ అనుకుంటారు. నిజానికి కారు బరువంతా ఆ ప్లేట్ రాపిడి మీద ఆగి ఉంటుంది. ఒక్క ట్రిప్‌లో ప్లేట్ కాలిపోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఎత్తులో బండిని ఆపాల్సింది బ్రేకే.

కదలాలంటే ఇలా చేయండి. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచి ఫస్ట్ గేర్ వేయండి. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒక చోట ఇంజిన్ శబ్దం మారి, బానెట్ కాస్త పైకి లేచినట్టు అనిపిస్తుంది. అప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేక్ దించండి. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి పోదు. హిల్ హోల్డ్ అసిస్ట్ ఉన్న కార్లు బ్రేక్ మీద నుంచి కాలు తీశాక రెండు మూడు సెకన్లు బండిని పట్టి ఉంచుతాయి. అయినా హ్యాండ్‌బ్రేక్ పద్ధతి తెలిసి ఉండటమే సేఫ్.

గేర్ ఎప్పుడు మార్చాలి?

స్పీడ్ లెక్కలు బండిని బట్టి మారతాయి. సుమారుగా చెప్పాలంటే కదిలి 15 దాటాక సెకండ్, 30 దగ్గర థర్డ్, 45-50కి ఫోర్త్, 60 దాటాక ఫిఫ్త్. దీనికంటే ఇంజిన్ మాట వినడం మంచిది. టాప్ గేర్‌లో ఉండి స్పీడ్ 35కి పడిపోతే బండి గుడగుడలాడుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా లాగదు. అప్పుడు ఇంకా తొక్కడం కాదు, గేర్ తగ్గించాలి. పై గేర్‌లో ఉంటే మైలేజ్ వస్తుందన్న మాట ఇక్కడ పనిచేయదు, ఇంజిన్ మీద భారం పెరుగుతుంది అంతే.

గేర్ మార్చేటప్పుడు క్లచ్ చివరిదాకా తొక్కండి. సగమే తొక్కి గేర్ తోస్తే కరకరమని శబ్దం వస్తుంది, లోపల సింక్రొనైజర్ రింగులు అరుగుతాయి. బండి ముందుకు కదులుతుండగానే రివర్స్ వేయడం ఇంకా ఘోరం. చాలా కార్లలో రివర్స్‌కి సింక్రొనైజర్ ఉండదు, పూర్తిగా ఆగాకే వేయాలి. గేర్ రాడ్ మీద చెయ్యి వేసుకుని నడిపే స్టైల్ కూడా వద్దు. ఆ ఒత్తిడి లోపల గేర్లను జరిపే ఫోర్క్‌ల మీద పడుతుంది.

సడెన్ బ్రేక్ వేయాల్సి వస్తే బ్రేక్, క్లచ్ రెండూ ఒకేసారి తొక్కేయడం చాలామందికి అలవాటు. స్పీడ్‌లో ఉన్నప్పుడు ముందు బ్రేక్, బండి ఆగబోయే ముందు క్లచ్. మొదటే క్లచ్ తొక్కేస్తే ఇంజిన్ ఇచ్చే సాయం పోతుంది.

ఘాట్ దిగేటప్పుడు ప్రాణాల విషయం

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు గురించి. ఇక్కడి నుంచి అలా కాదు.

దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోల్ మిగులుతుందని ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర వినే ఉంటారు. కార్బ్యురేటర్ కార్ల కాలం నాటి మాట అది. ఇప్పుడు తిరిగే కార్లలో దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, వాలులో చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. అప్పుడు కారులోని కంప్యూటర్ ఇంధనం వెళ్లడం ఆపేస్తుంది. అదే న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలి కాబట్టి ఇంధనం పోస్తూనే ఉంటుంది. అంటే వాలు దిగేటప్పుడు పెట్రోల్ మిగిలేది గేర్‌లో ఉంటేనే.

అసలు ప్రమాదం బ్రేక్‌లది. న్యూట్రల్‌లో కారుని పట్టి ఉంచేది ఏమీ ఉండదు, స్పీడ్ పెరుగుతూనే ఉంటుంది. మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కాలి. ప్యాడ్‌లు, డిస్క్‌లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ మరిగే హద్దు 155 డిగ్రీల వరకు దిగిపోవచ్చు. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి. పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. బ్రేకులు ఫెయిలయ్యాయి అని వార్తల్లో చదివే ప్రమాదాల వెనక ఇలాంటి కారణం కూడా ఉండొచ్చు.

మరి ఎలా దిగాలి? పాత లారీ డ్రైవర్ల లెక్క ఇప్పటికీ సరైనదే. ఏ గేర్‌లో ఎక్కుతామో అదే గేర్‌లో దిగాలి. సెకండ్‌లో ఎక్కాల్సిన వాలు అయితే సెకండ్‌లోనే దిగండి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది, శబ్దం కాస్త పెరుగుతుంది, దానికి కంగారు పడొద్దు. ఆ గేర్ కూడా వాలు మొదలయ్యే ముందే వేసుకోవాలి. స్పీడ్ ఎక్కాక మలుపు మధ్యలో క్లచ్ తొక్కితే ఆ కాసేపూ బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. బ్రేక్‌ని అలా తొక్కి పట్టుకోకుండా, మలుపుకు ముందు గట్టిగా వేసి, స్పీడ్ తగ్గాక వదిలేయండి. చల్లబడటానికి టైం దొరుకుతుంది.

తిరుమలనే తీసుకోండి. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి వేరే రోడ్డు. దిగేది 1944లో మొదలైన మొదటి ఘాట్ రోడ్డు, 36 మలుపులు. ఎదురుగా బండి రాదన్న ధీమాతో కొందరు జారుడు బల్ల మీద జారినట్టు దిగుతుంటారు. శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలో, అరకు వెళ్లే అనంతగిరి ఘాట్‌లో, మారేడుమిల్లి - చింతూరు మధ్య అయితే ఆ ధీమా కూడా ఉండదు, ఎదురుగా బస్సులు, లారీలు వస్తుంటాయి. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి, దిగేవాళ్లు పక్కకు ఆగాలి. ఇది మర్యాద కాదు, ట్రాఫిక్ రూల్.

ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఇంజిన్ ఆగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ సాయం పోతుంది. తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ అయిపోవచ్చు.

ఏఎంటీ కారుకి క్లచ్ లేదనుకుంటున్నారా?

ఉంది, పెడల్ మాత్రమే లేదు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర మొదలైన ఈ ఏఎంటీ బండ్లలో ఉండేది మామూలు క్లచ్, మామూలు గేర్‌బాక్సే. కాలి బదులు మెషిన్ తొక్కుతుంది. ఫ్లైఓవర్ మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఇందులోనూ ప్లేట్ అలాగే కాలుతుంది. బ్రేక్‌తోనే ఆపాలి. ఘాట్ దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో పెట్టి గేర్ తగ్గించుకోండి.

మీ క్లచ్ ఎలా ఉందో చూసుకోండి

యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ శబ్దం, ఆర్‌పీఎం పెరుగుతున్నాయి కానీ స్పీడ్ ఆ లెక్కన పెరగట్లేదు అంటే ప్లేట్ జారుతోందని అర్థం. ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేర్లలో తెలుస్తుంది. చాలా కార్లలో పెడల్ బాగా పైకి వచ్చాక గానీ బండి కదలకపోవడం ఇంకో గుర్తు. క్లచ్ తొక్కగానే గరగర శబ్దం వచ్చి, వదిలితే పోతుంటే రిలీజ్ బేరింగ్ చూపించాలి.

అనుమానం ఉంటే ఒక టెస్ట్ చేయొచ్చు. చదును నేల మీద, ముందూ వెనకా మనుషులు, బండ్లు లేని చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగండి. కుడి కాలు బ్రేక్ మీదే ఉంచి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా థర్డ్ గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే మంచిదే. క్లచ్ పూర్తిగా వదిలాక కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటే వెంటనే పెడల్ తొక్కేసి, బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ టెస్ట్ ఒక్కసారి చాలు, పదే పదే చేస్తే అదే క్లచ్‌ని తినేస్తుంది.

బిల్లు విషయం కూడా ముందే తెలుసుకోండి. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ కలిపి సెట్‌గా మారుస్తారు. వాటిని చేరాలంటే గేర్‌బాక్స్ దించాలి కాబట్టి లేబర్ ఖర్చు ఎక్కువే. అరుగుదల వల్ల పోయిన క్లచ్‌కి సాధారణంగా వారంటీ వర్తించదు, మామూలు ఇన్సూరెన్స్ కూడా ఇవ్వదు. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి ఆ పక్కనే ఉండే ఆయిల్ సీల్ కారుతోందేమో అప్పుడే చూడమని మెకానిక్‌కి చెప్పండి. ఆ ఆయిల్ కొత్త ప్లేట్ మీద పడితే అది కూడా జారడం మొదలుపెడుతుంది.