మామయ్య పంపిన ఆట, మన టీవీలో పోయిన రంగులు

అమెరికా నుంచి వచ్చే సూట్‌కేసుల్లో సబ్బులు, బాదంపప్పులు, సెంటు సీసాలు ఎక్కడైనా ఒకేలా పనిచేస్తాయి. కరెంటు వస్తువులే పేచీ పెడతాయి. మిక్సీ లాంటి వాటి పేచీ 110 వోల్టులతో తీరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొంటే దారికొస్తాయి. టీవీకి తగిలించుకునే గేమ్ డబ్బా అలా కాదు. దాని పేచీ ఏమిటో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక మాత్రం ఆ డబ్బా మీద కోపం పోయింది.

1993 వేసవిలో మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి మా వాడికి గేమ్ డబ్బా పంపాడు. అప్పుడు మేం విజయవాడలో ఉండేవాళ్ళం. వాడికి ఎనిమిదేళ్ళు. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం, యాంటెన్నా వైరు తీసి దీని వైరు గుచ్చాం, ఛానల్ వెతికాం. బొమ్మ వచ్చింది గానీ గిరగిరా పైకి పరిగెడుతోంది. పాట బదులు బుస్సుమనే చప్పుడు. మా వారు గవర్నర్‌పేట నుంచి మెకానిక్‌ని తీసుకొచ్చారు. ఆయన టీవీ వెనక ఒక మర తిప్పి బొమ్మని నిలబెట్టాడు. "ఇది అమెరికా సిస్టమ్ అమ్మా, మనది పాల్. బొమ్మ నిలబెట్టగలను గానీ రంగు నా చేతుల్లో లేదు" అన్నాడు. మాది కలర్ టీవీ. అందులో ఆట నలుపు తెలుపుల్లో నడిచింది.

ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. ఆ రోజుల్లో ఐఎస్‌డీ అంటే నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవాళ్ళం కదా. "ఏరా, రంగులు ఎలా ఉన్నాయి?" అని మేనల్లుణ్ణి అడిగాడు. "చాలా బాగున్నాయి మామయ్యా" అన్నాడు వీడు, నా వైపు చూడకుండా. అలా చెప్పమని నేను నేర్పలేదు. ఆ డబ్బా కొనడానికి మా అన్నయ్య ఎన్ని పూటలు అదనంగా పనిచేశాడో ఇంట్లో అనుకునే మాటలు విన్నాడేమో మరి.

ఇంతకీ ఆ రంగులు ఎక్కడికి పోయాయి?

టీవీ బొమ్మని మగ్గం మీద గుడ్డలా ఊహించుకోండి. అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి పడి బొమ్మ తయారవుతుంది. అమెరికాలో 1941లో పెట్టుకున్న లెక్క ప్రకారం 525 గీతలు, తెర సెకనుకి 60 సార్లు నిండాలి. 60 ఎందుకంటే వాళ్ళ కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది. టీవీ కూడా దానితోనే ఊగితే తెర మీద కరెంటు తాలూకు చారలు కదలకుండా ఉంటాయి. మన కరెంటు, యూరప్ కరెంటు 50 సార్లు ఊగుతాయి. అందుకని మనది 625 గీతలు, 50 సార్లు. మెకానిక్ తిప్పిన మర ఈ 50కీ 60కీ రాజీ కుదిర్చింది. శబ్దం సంగతి వేరు. అమెరికా పద్ధతిలో అది బొమ్మకి 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, మన టీవీ 5.5 దగ్గర వెతుకుతుంది. ఒక వీధి అవతల ఉన్న ఇంటి తలుపు తట్టినట్టు అన్నమాట.

రంగు కథ వీటికన్నా పెద్దది, నాకు బాగా నచ్చింది కూడా. 1950లో అమెరికా ప్రభుత్వం సీబీఎస్ సంస్థ తయారుచేసిన కలర్ పద్ధతిని ఒప్పుకుంది. రంగుటద్దాల చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ రంగులు చూపించేది. రంగులు బాగానే ఉండేవట. కానీ ఆ ప్రసారాలు మామూలు నలుపు తెలుపు టీవీల్లో అసలు రావు. అప్పటికే అక్కడ సుమారు కోటి ఇళ్ళలో టీవీలున్నాయి. వాయిదాల మీద కొనుక్కున్న వస్తువు రాత్రికి రాత్రి దండగైపోతే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది చెప్పండి? 1951లో మొదలైన ఆ ప్రసారాలు కొన్ని నెలలకే ఆగిపోయాయి.

1953 డిసెంబరులో ఇంకో పద్ధతికి అనుమతి వచ్చింది. అదే ఎన్‌టిఎస్‌సి. ఇందులో నలుపు తెలుపు బొమ్మ ఎప్పటిలాగే వెళ్తుంది. రంగుని 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నని అలగా చేసి, ఆ బొమ్మలోనే కలిపి పంపుతారు. కొత్త టీవీ ఆ అలని విప్పి రంగు వేసుకుంటుంది. పాత టీవీ దాన్ని పట్టించుకోకుండా బొమ్మ చూపిస్తుంది. మరుసటి ఏడు ఆర్‌సీఏ వాళ్ళ కలర్ టీవీ వచ్చింది. పదిహేను అంగుళాల గొట్టం, ధర వెయ్యి డాలర్లు. అంత పెట్టి కొనలేనివాళ్ళు తమ పాత టీవీలోనే అవే కార్యక్రమాలు చూశారు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. దారిలో ఆ అల కాస్త అటూ ఇటూ జరిగితే మనుషుల మొహాలు పచ్చబడిపోతాయి. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థలో పనిచేసిన వాల్టర్ బ్రూఖ్ ఒక గీతలో రంగుని అటు, పక్క గీతలో ఇటు తిప్పి పంపి, రెండూ కలిసేసరికి తప్పు కొట్టుకుపోయేలా చేశారు. అదే పాల్, 1963లో చూపించారు. ఫ్రాన్స్ వాళ్ళు సెకామ్ అని తమది తాము పట్టుకున్నారు, సోవియట్ యూనియన్ వాళ్ళతో కలిసింది. 1965లో వియన్నాలోనూ, 1966లో ఓస్లోలోనూ కూర్చుని మాట్లాడుకున్నా ఒక్క పద్ధతికి రాలేకపోయారు. పంతాలు మన వియ్యాలవారికే పరిమితం కాదని అప్పుడు అర్థమైంది నాకు.

మనకి 1982లో రంగులొచ్చాయి, ఆసియా క్రీడల ఏడాది. పాల్ తీసుకున్నాం. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే మొదలైంది కాబట్టి చాలా ఇళ్ళలో నలుపు తెలుపు టీవీలున్నాయి. అవి మూలన పడలేదు. తెర ముందు రంగుల ప్లాస్టిక్ షీటు తగిలించుకుని కలర్ టీవీ అని మురిసిపోయిన ఇళ్ళు మీకూ గుర్తుండే ఉంటాయి.

పాల్‌లో రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మా టీవీ అక్కడ వెతికింది, దొరకలేదు. దొరకనప్పుడు పిచ్చి రంగులు చల్లకుండా రంగునే ఆపేసే సర్క్యూట్ ఒకటి ప్రతి కలర్ టీవీలోనూ ఉంటుంది. దాని పేరు కలర్ కిల్లర్! డిటెక్టివ్ నవలకి పెట్టాల్సిన పేరు. రంగు ఆగాక మిగిలింది నలుపు తెలుపు బొమ్మ. అంటే నలభై ఏళ్ళ కిందట అమెరికాలో పాత టీవీలున్న ఇళ్ళ కోసం అట్టే పెట్టిన భాగమే విజయవాడలో మా వాడికి దక్కింది. ఆ జాగ్రత్తే లేకపోతే అదీ వచ్చేది కాదు.

రంగులు మాకు పక్కింట్లో దొరికాయి. ఆ వదినగారి భర్త మస్కట్‌లో ఉద్యోగం. ఆయన తెచ్చిన మల్టీ సిస్టమ్ టీవీకి పాల్, సెకామ్, ఎన్‌టిఎస్‌సి మూడూ తెలుసు. యాంటెన్నా దారి వదిలేసి పసుపు, ఎరుపు వైర్లు గుచ్చితే చాలు, బొమ్మా పాటా రెండూ వచ్చేశాయి. "అమ్మా, ఆకాశం నీలంగా ఉంది!" అని మా వాడు గోడ మీదుగా అరిచాడు. ఆ వేసవి మధ్యాహ్నాలు వదినగారు నిద్ర మానుకుని పిల్లలందరినీ భరించారు. నేను రోజూ మజ్జిగ చెంబు పంపేదాన్ని.

యూరప్ పిల్లలకి ఇంకో రకం నష్టం. వాళ్ళకి అమ్మిన డబ్బాలు పాల్ టీవీకి తగ్గట్టే తయారైనవి, రంగులకి ఢోకా లేదు. కానీ 60కి రాసిన ఆటని చాలాసార్లు అలాగే 50 మీద నడిపేశారు. ఆట ఆరో వంతు నెమ్మదించింది, కిందా పైనా నల్లపట్టీలు మిగిలాయి. సోనిక్ అంత వేగంగా పరిగెత్తే బొమ్మ కూడా అక్కడ కాస్త నీరసంగానే పరిగెత్తింది. పక్కన పెట్టి చూడటానికి రెండోది లేదు కాబట్టి చాలామంది పిల్లలకి ఆ సంగతే తెలియలేదు.

ఇప్పటి డబ్బాలు హెచ్‌డీఎంఐ తీగ గుచ్చగానే ముందు టీవీని అడుగుతాయి: నీకు ఎన్ని గీతలు వచ్చు, సెకనుకి ఎన్నిసార్లు వచ్చు అని. టీవీ తనకి వచ్చినవన్నీ చెప్తుంది. అచ్చం పెళ్ళిచూపుల్లో లాగా. అమెరికాలో పెద్ద స్టేషన్లు పాత ప్రసారాలని 2009 జూన్ 12న ఆపేశాయి. అప్పుడు కూడా పాత టీవీల వాళ్ళని వదిలెయ్యలేదు. మార్చే పెట్టె ఒకటి కొనుక్కోమని అడిగినవాళ్ళకి ఇంటికి రెండు చొప్పున నలభై డాలర్ల కూపన్లు ప్రభుత్వమే పంచింది.