దొరల బంగళాలకు ముందు 16 మెట్లు

మారిషస్ యాత్రలో బీచ్‌ల తర్వాత గైడ్లు తీసుకెళ్లేది చెరకు దొరల పాత బంగళాలకే. చుట్టూ వరండా, తెల్లరంగు చెక్క గోడలు, ముందు పచ్చిక. మోకాలోని యురేకా బంగళాను 1830లో కట్టారు. గాలి ఆడటానికి దానికి 109 తలుపులు పెట్టారు. క్యూర్‌పిప్‌లోని ఒబినో బంగళాది 1872. దీవిలో కరెంటు దీపం మొదట వెలిగింది ఆ ఇంట్లోనేనని చెబుతారు. దక్షిణాన సెయింట్ ఓబిన్ 1819 నాటిది. ఉత్తరాన మాపూలో రెండంతస్తుల లాబోర్డొనే భవనం 1859లో పూర్తయింది.

బంగళాలు నిజంగానే అందంగా ఉంటాయి. అయితే ఈ కట్టడాలకు డబ్బు ఎక్కడిది?

1810లో బ్రిటిష్‌వారు ఫ్రెంచివారి నుంచి ఈ దీవిని గెలుచుకున్నారు. 1825లో ఇక్కడి చక్కెరకూ వెస్టిండీస్ చక్కెరకూ ఒకే సుంకం పెట్టడంతో కొండవాలుల దాకా చెరకు పాకింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. నష్టపరిహారంగా యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా ముట్టింది. విడుదలైన బానిసలకు పైసా రాలేదు. తోటలకు మళ్లీ మనుషులు కావాల్సి వచ్చారు. దొరల చూపు మన ఊళ్ల మీద పడింది.

బానిసత్వం రద్దుకు కొద్ది నెలల ముందే, 1834 నవంబరు 2న అట్లాస్ ఓడ 36 మంది కూలీలతో కలకత్తా నుంచి పోర్ట్ లూయీ చేరింది. ఆ తర్వాత మద్రాసు, బొంబాయి రేవుల నుంచీ ఓడలు కదిలాయి. గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్లూ ఎక్కారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా వాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. తోట దాటి వెళ్లాలంటే చీటీ ఉండాలి. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్ 9,401 మంది కూలీల తరఫున గవర్నర్‌కు అర్జీ పెట్టాక గానీ రాయల్ కమిషన్ విచారణకు రాలేదు.

కాబట్టి ఈ యాత్రను బంగళాల దగ్గర మొదలుపెట్టకూడదు. పోర్ట్ లూయీ ఓడరేవులోని అప్రవాసి ఘాట్ దగ్గర మొదలుపెట్టాలి. 1849లో కట్టిన కూలీల డిపో అది. ఓడ దిగినవాళ్లు 16 రాతి మెట్లెక్కి లోపలికి వెళ్లేవారు. ఈ దీవికి వచ్చిన ఒప్పంద కూలీలు దాదాపు 5 లక్షల మంది. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి నుంచి బో ప్లాన్ వెళ్లండి. 1999లో మూతపడిన చక్కెర మిల్లు ఇప్పుడక్కడ మ్యూజియం. గానుగలూ బాయిలర్లూ చూశాక దగ్గర్లోనే ఉన్న లాబోర్డొనే ముందు నిలబడితే, ఆ మేడ వెనకున్న చెమట కనబడుతుంది.

తర్వాత మోకా. యురేకా ఉన్న ఊళ్లోనే మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కూలీల రిజిస్టర్లు భద్రపరిచింది అక్కడే. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, పుట్టుమచ్చలు, ఊరు, ఓడ, ఒక నంబరు రాసి ఉంటాయి. 1860ల నుంచి కొందరి ఫొటోలూ ఉన్నాయి. ముత్తాతల ఊరు వెతుక్కునే మారిషస్ తెలుగువాళ్లకు ఆధారం ఈ పుస్తకాలే. బంగళాలో గైడ్ చెప్పేది యజమానుల వంశవృక్షం. కూలీలది ఈ పుటల్లో వెతకాలి.

వాళ్లు వెంట తెచ్చుకున్నవి పోలేదు. అమ్మోరి పండుగలూ రామభజనలూ సింహాద్రి అప్పన్న పూజలూ నేటికీ సాగుతున్నాయి. 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దీవిలోనే.

బంగళాల్లో దొరల కథే చెప్పే తంతు కరీబియన్ దీవుల్లోనూ ఉంది. జమైకాలోని రోజ్ హాల్ బంగళా టూర్లో ఎక్కువగా వినిపించేది ‘తెల్ల మంత్రగత్తె’ అనే దయ్యం కథ. తోటలో చచ్చిన బానిసల కథ కంటే దానికే టిక్కెట్లు బాగా తెగుతాయి. అక్కడా బానిసల తర్వాత మన దేశపు కూలీలే దిగారు.

మారిషస్ వెళ్లలేనివాళ్లకూ దారి ఉంది. సీఏ కోచింగ్ కోసం ఢిల్లీ లక్ష్మీనగర్‌లో గదులు తీసుకున్న మన పిల్లలు బ్లూలైన్ మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో ఎల్లో లైన్‌కు మారి, సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగితే జనపథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ దగ్గరే. బ్రిటిష్ ప్రభుత్వపు వలస శాఖ ఫైళ్లు అందులో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. సెలవు పెట్టి ఒక పూట వాటి ముందు కూర్చోండి. దొరల బంగళాలకు కాపలాదారులు చాలామందే ఉన్నారు, కోరంగీల చరిత్రను కాపాడాల్సింది మనమే.