గడప చేరిన తీగ

దిండిగల్ తెలుగు కుటుంబాలలో అనేకులకు తెలుగు నోటి భాష. అంగడి పద్దులు, ఉత్తరాలు తమిళంలో సాగుతాయి. మదురై నాయకులు కొండమీద దుర్గం కట్టించిన నాటినుండి ఈ సీమలో నిలిచిన భాష, పెక్కు ఇండ్లలో వ్రాతలోకి దిగలేదు. అట్టివారికి తంతి వార్త ఆంగ్లాక్షరాలలో వచ్చేది. చదివి చెప్పుటకు మరొకరు కావలసివచ్చేది. టెలిఫోను అక్షరాన్ని అడుగలేదు. నోటి తెలుగును ఉన్నదున్నట్లు మోసినది.

అయితే ఆ తీగ గడప చేరుటయే కష్టమైనది. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఎక్స్ఛేంజీలు ప్రారంభమైనవి. మద్రాసు ఎక్స్ఛేంజి ఎర్రబాలు చెట్టి వీధిలో వెలసినది. ఆ పేరులోని తెలుగుదనం గమనింపదగినది. చిన్న పట్టణాలు, గ్రామాలు దీర్ఘకాలం నిరీక్షించవలసివచ్చినది. కారణం సాంకేతికమే. ఎక్స్ఛేంజి యంత్రం అందరికీ ఉమ్మడి. ఇంటికి వచ్చే రాగి తీగల జత మాత్రం ఆ ఒక్క ఇంటిదే. లావుపాటి కేబులు భూమిలో సాగి, వీధిలోని ఇనుప పెట్టెలో చీలి, స్తంభం మీదుగా జతజతగా ఇండ్లకు చేరేది. రోజుకు రెండు మాటలు మాట్లాడినా, అసలు మాట్లాడకున్నా ఆ రాగి ఖర్చు తప్పదు. ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీయే ఆ తీగకు విద్యుత్తునిచ్చేది కనుక ఊరంతా చీకటైనా టెలిఫోను పలికేది.

1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ, శీతలీకరణ అక్కరలేని చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించినది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది నెలకొన్నది. ఎక్స్ఛేంజియే పల్లెకు నడచి రాగా తీగ పొడవు తగ్గినది. తరువాత మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఆ చివరి తీగనే తొలగింపజూచినది. వారి కార్‌డెక్ట్ పద్ధతిలో గోపురం నుండి సుమారు పది కిలోమీటర్ల దూరంలోని ఇంటికి మాట, ఇంటర్నెట్టు రెండూ రేడియో తరంగాలపై చేరేవి. 2001లో మదురై జిల్లా మేలూరు ప్రాంత గ్రామాలలో దీనిని ప్రయోగించిరి. సెల్‌ఫోను విస్తరణతో ఆ ప్రయత్నం వెనుకబడినా, దాని యోచన చిన్నది కాదు.

నేడు రాగికి బదులు గాజు పోగు ఇండ్లకు వచ్చుచున్నది. వేగంలో రెంటికీ పోలికే లేదు. కాని గాజు విద్యుత్తును మోయదు. కరెంటు పోయినచో ఇంటిలోని పెట్టెకు వేరుగా బ్యాటరీ ఉండవలె. మరియొక మార్పు కూడ కలదు. సెల్‌ఫోను తెరపై సందేశాలు మొదలైన పిమ్మట, తంతి నాటివలెనే, అక్షరం మరల అవసరమైనది. తెలుగు లిపి రానివారు తమ ఇంటిమాటను తమిళ అక్షరాలలోనో, ఆంగ్లాక్షరాలలోనో వ్రాసుకొనవలసివచ్చుచున్నది.