పన్నెండు మంది ఉరి కేసు

ఆ మొద్దు ఇంకింత ముందటికి తొయ్యి బిడ్డా, మంట సల్లారుతున్నది. పై కోర్టుకు పోతే ఏమన్న ఒరుగుతదా అని అడిగితివి గద. మా నల్లగొండ, వరంగల్ దిక్కు ముచ్చటే చెప్త, ఇను.

1948 సెప్టెంబర్ల భారత పటాలం హైద్రాబాదు మీదికి దిగింది, దాన్నే పోలీసు యాక్షనంటరు. నిజాం లొంగిండు, జనరల్ చౌదరి మిలిటరీ గవర్నరయిండు. నిజాం దిక్కు కొట్లాడిన రజాకార్లు పోయిన్రు గని, దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ సంగపోళ్ల మీద కేసులు పోలే. స్పెషల్ ట్రిబ్యునళ్లు పెట్టి, 1949 ఆగస్టుల పన్నెండు మందికి ఉరిశిక్ష చెప్పిన్రు. జనగామ నల్లా నర్సింహులు అందుల ఒకడు. ఊళ్లల్ల తెలుగు, కచేరిల ఉర్దూ. వకీలును పెట్టుకునే సందు గూడ ఇయ్యలేదని వాళ్ల మొర.

హైద్రాబాదు హైకోర్టుకు పోయిన్రు. డిసెంబర్ల కొట్టేసింది. ఇగో, కథంత ఈ తారీఖుల్లనే ఉన్నది. నెలన్నర తిరగకముందే, 1950 జనవరి 26న రాజ్యాంగం అమలుకొచ్చింది, ఢిల్లీల సుప్రీంకోర్టు పుట్టింది. వీళ్లు అక్కడికి పోయిన్రు. వీళ్ల తరఫున మాట్లాడనీకి లండన్ నుంచి ప్రిట్ అనే బారిస్టరొచ్చిండు. ఎన్కట హోచిమిన్ కేసు సూసిన పెద్ద వకీలు.

1950 డిసెంబర్ 14న కోర్టు ఏమన్నదో ఎరుకేనా? తీర్పులైన నాటికి హైద్రాబాదు రాజ్యాంగం చెప్పే భారత భూభాగంల లేదు, గనుక ఆ తీర్పుల మీద మేం అప్పీలు ఇనం అన్నది. మా నాయిన ఈ మాట దగ్గరికొస్తే చుట్ట ఆర్పి, “పటాలం దిగి ఏడాది దాటిపాయె. పట్టుకపోనీకి వాళ్ల నేలాయె, మొర ఇననీకి గాదా?” అనేటోడు. ఇప్పటికీ నాకు ఆయన మాటే సరి అనిపిస్తది, చట్టం చదివినోళ్లు ఏమన్న అనుకోనీ.

1951 జనవరిల ఉరికి దినాలు గూడ పెట్టిన్రు. మళ్ల ఆగింది. ఈసారి చట్టం తప్పి బంధించిన్రు, ఇడువుండ్రి అనే హెబియస్ కార్పస్ అర్జీ వేసి, విచారణే చెల్లదని వాదించిన్రు. మార్చి 16న అదీ పాయె. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకపోదని తేల్చిన్రు.

ప్రిట్ దొర కేసు గెలిపిచ్చిండని ఊళ్ల చెప్పుకుంటరు. ఉత్తదే. సుప్రీంకోర్టుల రెండుమార్లు ఓడిపోయిన్రు. గని ఒక్కో అర్జీకి ఇన్ని నెలలు గడిచె. ఆ నెలల్ల వీళ్లను ఉరి తియ్యొద్దన్న లొల్లి దేశం దాటింది. ఆఖరుకు ఉరి తప్పి యావజ్జీవమైంది. పన్నెండు మందిల ఒక్కరి మెడకు గూడ తాడు పడలే.

అందుకే చెప్తున్న. మనోళ్లకెవరికన్న శిక్ష పడితే ఏడ్సుకుంట కూసోకుండ్రి. తీర్పు నకలు ముద్దాయికి పైస లేకుండ ఇయ్యాలె, ముందుగల అది అడుగుండ్రి. ఉరిశిక్ష మీద అప్పీలుకు 30 దినాలే గడువు. తక్కిన శిక్షల మీద హైకోర్టుకైతే 60. జైల్ల ఉన్నోడు జైలు అధికారి చేతికిచ్చినా అప్పీలు కోర్టుకు పోతది. వకీలుకు పైసల్లేకుంటే న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి పోండ్రి, ఊకెనే పెడ్తరు.

దినాలు మాత్రం లెక్కవెట్టుకోండ్రి.