కొట్లాట కేసులు – మన ఎరుకల జాతి చరిత్ర

"స్టేషను గడప తొక్కొద్దు నాయనా" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో మన పిల్లలకు తెలియాలి.

1860 నాటి భారత శిక్షాస్మృతి అందరికీ ఒకటే. ఒకరిని కొట్టి గాయపరిస్తే 323 సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. కత్తిలాంటి ఆయుధం వాడితే 324 కింద మూడేళ్ల వరకు. అదే పుస్తకంలో 96 నుంచి 106 వరకు ఆత్మరక్షణ హక్కూ ఉంది. మన ఒంటిని, పక్కవాడి ఒంటిని, ఆస్తిని కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకు ఎదురు దెబ్బ కొడితే నేరం కాదు, మించితే నేరమే.

కాగితం మీద ఇది మన తాతలకూ వర్తించేదే. అయితే 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. మనవాళ్లను నేరస్థ జాతిగా రాసుకుని వేలిముద్రలు తీశారు. ఎందరినో సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలాంటిదే, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడ హాజరు వేయించుకోవాలి, బయటికి వెళ్లాలంటే చీటీ కావాలి. చట్టం జాబితాలోని నేరానికి రెండోసారి శిక్ష పడితే మామూలుగా ఏడేళ్లకు తగ్గదు, మూడోసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరం.

సంతలో తోపులాట జరిగి ఒకడి తల పగిలిందనుకోండి. మనవాడు అక్కడ లేనే లేడు, పక్క ఊళ్లో బుట్టలు అమ్ముకుంటున్నాడు. ఆ మాట కోర్టులో చెబితే చీటీ లేకుండా బయటికి పోయినట్టు తానే ఒప్పుకున్నట్టు! నిర్దోషినని చెప్పుకోవడమే ఇంకో నేరమయ్యేది. పోనీ, అక్కడే ఉండి ఆత్మరక్షణ కోసం కొట్టానన్నా దాన్ని చూపించుకోవలసిన భారం 1872 సాక్ష్య చట్టం ప్రకారం నిందితుడిదే. పుట్టుకతోనే దొంగ అని రాసిపెట్టినవాడి మాట ఎవరు నమ్ముతారు? వకీలుకు డబ్బులెక్కడివి? దెబ్బలకు పడిన శిక్షల కంటే మనవాళ్లను ఎక్కువ కుంగదీసింది ఇదేనని మా అభిప్రాయం.

ఆ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో, కేంద్రం 1952లో రద్దు చేశాయి.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 323 ఇప్పుడు 115(2), ఆత్మరక్షణ 34 నుంచి 44 వరకు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అడగవలసింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థను. వెళ్లేటప్పుడు కుల ధ్రువపత్రం వెంట తీసుకెళ్లండి.