హాలి రూపాయి చెప్పే పాఠం

చార్మినార్ చరిత్రను పెద్ద తరగతుల పిల్లలకు చెప్పేటప్పుడు 1591 దగ్గర మొదలుపెట్టడం మామూలు. ఆ కట్టడం బొమ్మ వేసిన వెండి రూపాయి దగ్గర మొదలుపెడితే పాఠం ఇంకా లోతుకు వెళ్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నిజాం టంకశాల అచ్చువేసిన ఆ నాణెం మీద రాజు ముఖం లేదు, బ్రిటిష్ చక్రవర్తి పేరూ లేదు. నాలుగు మినార్లు, వాటి నడిమి కమాను, ఆ గుమ్మంలో ఒకే ఒక్క అక్షరం. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్ కాలానిది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. రాజు మారితే ఆ బొమ్మలో మారింది ఆ ఒక్క అక్షరమే. దీన్నే హాలి సిక్కా అన్నారు. హాలి అంటే ప్రస్తుతం చలామణిలో ఉన్నది అని. బ్రిటిష్ ఇండియా రూపాయి మరమీద అచ్చయి వచ్చేది కాబట్టి జనం దాన్ని కల్దార్ అన్నారు. రాజకీయ మార్పు, ఆర్థిక మార్పు ఒకే రోజున, ఒకే వేగంతో జరగవని పిల్లలకు చెప్పడానికి ఈ రెండు రూపాయల కథను మించిన ఆధారం నాకు కనిపించదు.

మన పాఠాల్లో 1948 సెప్టెంబర్ 17 అడ్డుగోడలా నిలబడి ఉంటుంది. దానికి ఇవతల నిజాం పాలన, అవతల ప్రజాస్వామ్యం. రాజకీయంగా ఆ విభజనలో తప్పేమీ లేదు. 13న మొదలైన భారత సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది, రాజ్యాధికారం చేతులు మారింది. డబ్బు మాత్రం ఆ వేగంతో కదల్లేదు. పెద్దలకు శిస్తు హక్కుతో ఇచ్చిన జాగీర్ల రద్దు 1949 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. జాగీర్దార్ల పరిహారం ఆ తర్వాత ఏళ్ల తరబడి వాయిదాల్లో నడిచింది. నిజాం 1950 నుంచి 1956 దాకా రాష్ట్రాధినేతగా, అంటే రాజప్రముఖ్‌గా కొనసాగాడు. 1950లో భారత రూపాయి వచ్చి హాలి పక్కన నిలబడింది. ఏడు హాలి రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్క. అంటే వంద భారత రూపాయలు కావాలంటే హాలిలో 116 రూపాయల 10 అణాల 8 పైలు ఇచ్చుకోవాలి. 1951లో హాలి జారీ ఆగిపోయినా, 1959 వరకు అది జనం చేతుల్లో తిరుగుతూనే ఉంది. గుమ్మంలో ‘ఐన్’ ఉన్న నాణెం రాజ్యం పోయిన పదకొండేళ్లకు గాని బజారు వదల్లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది 1853. ఆ ఏడు వంశం మారలేదు, పతాకం మారలేదు. కానీ ఖజానా ఖాళీ. మంత్రి చందూలాల్ హయాం నుంచీ అప్పులిచ్చే పామర్ కంపెనీ దగ్గర, సాహుకార్ల దగ్గర, అరబ్బు, రోహిల్లా సైనిక నాయకుల దగ్గర చేసిన అప్పులు మెడకు చుట్టుకుని, జిల్లాల రాబడే తాకట్టులోకి పోయింది. బ్రిటిష్ అధికారులు నడిపిన కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద బేరార్ ప్రాంతం బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లింది. అదే ఏడు దివాన్ (ప్రధానమంత్రి) అయిన సాలార్ జంగ్ శిస్తు గుత్తేదార్లను తొలగించి జీతగాళ్లను పెట్టాడు, 1865లో జిలాబందీతో జిల్లాలు ఏర్పరిచాడు. గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల విడివిడిగా నడిచిన టంకశాలలు పోయి నాణెం మీద అదుపు రాజధానికి చేరింది. 1874లో రైలు వచ్చింది. హైదరాబాద్ రాజకీయాన్ని సాహుకార్లను వదిలి అర్థం చేసుకోలేమని చరిత్రకారిణి కేరెన్ లెనార్డ్ చూపిన కాలం కూడా ఇదే. అప్పు ఇచ్చినవాడు ప్రభుత్వంలో భాగంగా ఉన్న వ్యవస్థ పోయి, ప్రభుత్వమే పన్ను వసూలు చేసుకునే వ్యవస్థ వచ్చింది. నా లెక్కలో ఇది పెద్ద మార్పు. దీనికి మన తేదీల పట్టికలో ఒక సెలవురోజు కూడా లేదు.

ఇదంతా పట్నం గొడవ, అసలు ఆర్థిక మార్పు పల్లెల్లో వెట్టికీ దొరతనానికీ ఎదురుతిరిగిన 1946–51 రైతాంగ పోరాటంలో ఉంది కదా అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. ఆ పోరాటాన్ని పక్కన పెట్టి ఈ పాఠం చెప్పడం అన్యాయం కూడా. అయితే పట్నానికీ పల్లెకూ మధ్య దారి చార్మినార్ పక్కనున్న గాజుల బజారు, లాడ్ బజార్ మీదుగా పోతుంది. రాజ్యంలో దాదాపు 60 శాతం భూమి దివానీ కింద, అంటే నేరుగా ప్రభుత్వం కింద ఉంటే, మిగతాది జాగీర్లు, నిజాం సొంత సర్ఫెఖాస్. పల్లెలో వసూలైన ఆ రాబడి పట్నంలోని దేవిడీలకు, అంటే జాగీర్దార్ల మేడలకు చేరి, పెళ్లిళ్లకూ పండుగలకూ చార్మినార్ చుట్టూ ఖర్చయ్యేది. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, తీగలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది ఆరిపోయేలోగా ఒక్కొక్క రాయినీ చేత్తో అద్దే గాజుల పనివాడికి కూలి ముట్టింది ఆ శిస్తు లోంచే. జాగీరు పోయినప్పుడు రైతు నెత్తిన భారం తగ్గింది, ఈ పనివాడి గిరాకీ కూడా తగ్గింది. న్యాయమైన మార్పుకు సైతం నష్టపోయే పేదవాళ్లు ఉంటారన్న సంగతి పద్దెనిమిదేళ్ల పిల్లలకు చెప్పదగినదే. గాజుల బజారు ఈనాటికీ కిటకిటలాడుతోంది కదా అనే వారికి నా జవాబు, కొనేవాళ్లు మారారని. దేవిడీల స్థానంలో మధ్యతరగతి పెళ్లివారు, 1970ల తర్వాత గల్ఫ్ సంపాదన వచ్చాయి. అంగడి అదే అయినంత మాత్రాన ఆర్థిక వ్యవస్థ అదే కాదు.

పరీక్షల ఒత్తిడిలో ఇంత తీరిక ఎక్కడిదని ఉపాధ్యాయులు అంటారు. ఒక్క పీరియడ్ చాలు, అదీ ఒక లెక్కతో. 1957 ఏప్రిల్ 1న నయా పైసా వచ్చింది, హాలి ఇంకా పూర్తిగా పోలేదు. లాడ్ బజార్‌లో ఒక జత గాజుల ధర మూడు హాలి రూపాయలు అనుకుందాం. భారత రూపాయల్లో అది రెండు రూపాయల తొమ్మిది అణాలు, ఆపైన ఒకటిన్నర పై కంటే కొంచెం ఎక్కువ. కొత్త లెక్కలో రెండు రూపాయల 57 నయా పైసలు, ఇంకా కొద్దిగా. ఏ లెక్కలోనూ సరిగ్గా తెగని ఆ చివరి చిల్లరను ఎవరు వదులుకుని ఉంటారు, గాజులు అమ్మినవాడా, కొన్న ఇల్లాలా, కూలికి చేసిన పనివాడా? అయిదు నిమిషాలు పిల్లల్ని వాదించుకోనివ్వాలి.